నాన్న పాత నెట్‌బుక్‌లో లినక్స్ వేయాలి, తెలుగు టైపు చేసుకోడానికి మాత్రమే. దారి చెప్పండి

చంద్రగిరి_అమ్మాయి | 2025 నవంబర్ 8, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది చంద్రగిరి. మా నాన్న తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యాడు. 2009లో కొన్న నెట్‌బుక్ ఒకటి ఆయన దగ్గరుంది. పది అంగుళాల తెర, ఇంటెల్ ఆటమ్ ఎన్270, 1 జీబీ ర్యామ్, 160 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ ఎక్స్‌పీ. ఆన్ చేసి వంటింట్లోకి పోయి కాఫీ కలుపుకొని వచ్చినా తెర మీద ఇంకా గుర్తులు రావు.

ఏ ఊరికి బదిలీ అయితే ఆ ఊరి మాటలు రాసుకోవడం ఆయనకు అలవాటు. పాకాల, పుత్తూరు, కార్వేటినగరం, పలమనేరు చుట్టుపక్కల పల్లెలు. రొంత, అగ్గవ, దుడ్లు, ఊరుబిండి, ఇట్లాంటివి. మాట, దాని అర్థం, ఏ ఊర్లో విన్నాడు, ఎట్లాంటి సందర్భంలో అన్నారు, అన్నీ నోటు పుస్తకాల్లో ఉన్నాయి. వాటిలో సగం ఈ మిషన్లోకి ఎక్కించాడు. మధ్యలో అమ్మ ఆరోగ్యం బాగాలేక ఆపేశాడు. ఇప్పుడు మళ్లీ మిగతా సగం ఎక్కిస్తానని కూర్చున్నాడు.

కొత్త ల్యాప్‌టాప్ కొనిస్తానంటే వద్దన్నాడు. ఈ మీటలు నా వేళ్లకు తెలుసు అంటాడు. టౌన్లో ఒక షాపులో చూపిస్తే తెరిచి కూడా చూడకుండా పారేయమన్నారు. ఆ మాట ఆయన ముందే అన్నారు, అది నాకు బాధనిపించింది.

ఇంటర్‌నెట్ ఉన్నా లేకున్నా ఒకటే. తెలుగు టైపు కావాలి, రాసింది పోకూడదు. విండోస్ తీసేసి దాని బదులు ఏ లినక్స్ వేయాలి?

కోర్లగుంట_రిపేరు | నవంబర్ 8, రాత్రి 10:05

అమ్మా, లినక్స్ సంగతి తర్వాత. ముందు ఒకటి చెప్పు. ఆ డిస్కులో నాన్న రాసిన ఫైళ్లకు ఇంకో కాపీ యాడన్నా ఉండాదా? లేకుంటే ఇంగ ఆ మిషన్ ఆన్ చేయొద్దు. పదహారేళ్ల డిస్కది. ఎక్స్‌పీ లేవడానికి అంతసేపు పట్టడానికి ర్యామ్ ఒకటే కారణం కాకపోవచ్చు. డిస్కులో చెడిన చోట్లను మళ్లీ మళ్లీ చదవబోయి ఆగిపోతా ఉండొచ్చు. చెవి దగ్గర పెట్టి వింటే టిక్కు టిక్కుమని శబ్దం వస్తా ఉండాదా?

పాత_ఉబుంటు | నవంబర్ 8, రాత్రి 10:31

కోర్లగుంట అన్న చెప్పింది ముందు చేయండి. ఈలోగా ఏది వేయాలనేదానికి నా మాట.

ఎన్270 అంటే 2008లో వచ్చిన చిప్పు. ఒకటే కోర్, 1.6 గిగాహెర్ట్జ్, పూర్తిగా 32 బిట్, అంటే 64 బిట్ సాఫ్ట్‌వేర్ దీని మీద నడవదు. అసలు చిక్కంతా ఈ 32 బిట్ దగ్గరే. 2010లో వచ్చిన ఎన్450 అయ్యుంటే 64 బిట్ నడిచేది, ఎంచుకోడానికి చాలా ఉండేవి. ఇప్పుడు 32 బిట్‌ను ఒక్కొక్కరూ వదిలేస్తున్నారు. లుబుంటు అనే లినక్స్ 18.10 తర్వాత 32 బిట్‌ది ఇవ్వలేదు. చాలా లినక్స్‌లకు పునాది డెబియన్. మొన్న ఆగస్టు 9న వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలరూ లేదు, కెర్నలూ (సిస్టమ్ గుండెకాయ) లేదు. కాబట్టి డెబియన్ 12 మీద కట్టిన వాటిలోనే వెతుక్కోవాలి.

నా ఓటు ఆంటీఎక్స్ 23కి. డెబియన్ 12 పునాది, ఐస్‌డబ్ల్యూఎం అనే చిన్న విండో మేనేజర్ (కిటికీలను తెర మీద సర్దేది), సిస్టమ్‌డీ (మిషన్ లేచేటప్పుడు పనులు మొదలుపెట్టేది) లేదు. నా దగ్గరున్న అదే తరం మిషన్లో తెర వచ్చాక 200 ఎంబీ లోపే తింటుంది. మీ 1 జీబీలో మిగతాదంతా పనికి మిగులుతుంది. పప్పీ లినక్స్ ఇంకా తేలిక, ర్యామ్‌లోకి ఎక్కి పరుగెత్తుతుంది. కానీ రాసింది దాచుకునే పద్ధతి దాంట్లో వేరుగా ఉంటుంది, పెద్దాయనకు తికమక. టైనీ కోర్ మరీ చిన్నది, తెలుగు టైపుకు కావలసినవన్నీ మనమే పేర్చుకోవాలి. క్యూ4ఓఎస్ చూడ్డానికి పాత విండోస్ లాగానే ఉంటుంది. ఎక్స్‌పీ అలవాటున్న వాళ్లకు అది కూడా మంచిదే. 1 జీబీ దగ్గర మాత్రం నేను ఆంటీఎక్స్ వైపే.

రేణిగుంట_రైలు | నవంబర్ 9, ఉదయం 7:15

నేను వేరే మాట చెప్తాను, ఏమనుకోవద్దు. ఈ మిషన్ మీద ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు. క్రోమ్ 32 బిట్ లినక్స్‌ను 2016లోనే వదిలేసింది. ఫైర్‌ఫాక్స్ కూడా 144తో ఆపేసింది. దాని ఎక్కువకాలం నడిపే రకం ఈఎస్‌ఆర్ 140కి వచ్చే ఏడాది సెప్టెంబర్ దాకా అప్‌డేట్లు ఇస్తామన్నారు, అంతే. డెబియన్ 12 దీర్ఘకాల మద్దతు 2028 జూన్ 30కి అయిపోతుంది. రెండున్నరేళ్ల కోసం ఇంత ఎందుకు? ఆఫీసుల్లో తీసేసిన పాత 64 బిట్ ల్యాప్‌టాప్ ఒకటి తీసుకుంటే 4 జీబీ ర్యామ్‌తో వస్తుంది, ఇంకో పదేళ్లు చూసుకోనక్కర్లేదు. పెద్దాయన మొదటి వారం సణుగుతాడు, తర్వాత అలవాటైపోతుంది.

పాత_ఉబుంటు | నవంబర్ 9, ఉదయం 8:02

లెక్క సరే. కానీ ఆ గడువులన్నీ నెట్‌కు తగిలించి వాడే మిషన్‌కు. బ్యాంకు పని, మెయిలు ఇవన్నీ దీంట్లో చేస్తామంటే నేను కూడా వద్దనే అంటాను. వైఫై ఆపేసి కూర్చుని టైపు చేసే మిషన్‌కు 2028 తర్వాత ఏమవుతుంది? ఆ రోజు ఎట్లా రాసిందో మర్నాడూ అట్లాగే రాస్తుంది.

చంద్రగిరి_అమ్మాయి | నవంబర్ 9, ఉదయం 9:20

కోర్లగుంట అన్నా, మీరు అడిగాక భయమేసింది. కాపీ ఎక్కడా లేదు. కొన్ని పేజీలు అప్పట్లో ప్రింటు తీయించాడు, అంతే. శబ్దం వస్తోంది, టిక్కు టిక్కు కాదు, గీసినట్టు ఒక చప్పుడు, మళ్లీ ఆగుతుంది. నిన్నటి నుంచి ఆన్ చేయలేదు. నాన్నకు చెప్తే పూజగదిలో దీపం పక్కన పెట్టాడు మిషన్‌ను.

కోర్లగుంట_రిపేరు | నవంబర్ 9, ఉదయం 9:48

అయితే లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండానే దాని మీంచి లినక్స్ నడిచేది) కూడా ఇంట్లో ప్రయత్నించొద్దు. డిస్కు ఊడదీసి నా కాడికి తీసుకురా. సాటా కేబుల్ పెట్టి నా డెస్క్‌టాప్‌కు తగిలించి డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ నడిపిస్తా. మామూలు కాపీ పేస్టుకు, దానికి తేడా ఏందంటే, మామూలు కాపీ చెడిన చోటు తగలగానే అక్కడే తలకొట్టుకుంటా ఉంటాది, ఆ దెబ్బకు డిస్కు పూర్తిగా పోతాది. డీడీరెస్క్యూ అట్ల కాదు. బాగున్న చోట్లన్నీ ముందు గబగబా తీసేసుకుంటాది, చెడిన చోట్లను ఒక చిట్టా ఫైల్లో రాసుకొని ఆఖర్లో నిదానంగా వాటి దగ్గరికి వస్తాది. మధ్యలో కరెంటు పోయినా ఆ చిట్టా చూసుకొని ఆగిన చోటి నుంచే మొదలుపెడతాది.

డబ్బులేం వద్దు. మా నాయనమ్మ కూడా దుడ్లు అనే అనేది.

కట్టమంచి_టీచర్ | నవంబర్ 9, మధ్యాహ్నం 1:10

చిత్తూరు నుంచి. ఇది చదివి ఊరికే ఉండలేకపోయాను. మా ఇంట్లోనూ అట్లాంటి నెట్‌బుక్కే ఉంది, మూడేళ్లుగా ఆంటీఎక్స్‌తో నడుస్తోంది. మా వీధి పిలకాయలు సాయంత్రం వచ్చి టక్స్ పెయింట్‌లో బొమ్మలేస్తారు, టక్స్ మ్యాథ్‌లో లెక్కలు చేస్తారు. కివిక్స్‌తో తెలుగు వికీపీడియా మొత్తం దించి పెట్టాను. నెట్ లేకుండానే తెరుచుకుంటుంది. ఒక పాప మొన్న కాణిపాకం వ్యాసం చదువుతా వాళ్లమ్మను పిలిచి చూపించింది.

వీడియోల ఆశ మాత్రం పెట్టుకోవద్దు. 480 దాకా ఎంపీవీ అనే ప్లేయర్లో బాగానే ఆడతాయి, 720 అంటే బొమ్మ ఒకచోట మాట ఒకచోట. బ్రౌజర్లో రెండు ట్యాబులు తెరిస్తే చాలు, మిషన్ నిలబడిపోతుంది. ఒక పని అప్పజెప్పి ఆ పనే చేయించుకుంటే ఇంత నమ్మకమైనది ఇంకోటి లేదు.

చంద్రగిరి_అమ్మాయి | నవంబర్ 13, రాత్రి 8:30

నిన్న కోర్లగుంటకు పోయి వచ్చాం. నాన్న కూడా వచ్చాడు. డిస్కు ఆ డెస్క్‌టాప్‌కు తగిలించినప్పటి నుంచి ఆయన కుర్చీలోంచి లేవలేదు, టీ తెప్పిస్తే చల్లారిపోయింది. అన్నా, మీరే చెప్పండి వివరం.

కోర్లగుంట_రిపేరు | నవంబర్ 13, రాత్రి 9:02

మొదటి విడతలో చాలా వరకు బాగా వచ్చేసింది. చెడిన చోట్లు ఎక్కువ విండోస్ ఫైళ్లున్న వైపే ఉండాయి, అందుకే అంత నిదానంగా లేస్తా ఉండేది. రాత్రంతా నడిపితే తెల్లారేసరికి మిగతాది కూడా పట్టుకొచ్చింది. పెద్దాయన ఫోల్డర్లో ఒక్క ఫైలు తప్ప అన్నీ తెరుచుకున్నాయి. ఆ ఒక్కటి సగంలో తెగిపోయింది, 'మ'తో మొదలయ్యే మాటలది. దాని ప్రింటు ఆయన దగ్గర ఉండాదంట. రెండు పెన్‌డ్రైవుల్లో వేసిచ్చినా, ఒకటి ఇంట్లో, ఒకటి అమ్మాయి దగ్గర.

పాత డిస్కు ఇంగ వాడొద్దు. రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్కు) ఏదైనా దీంట్లో కూర్చుంటాది, అన్నిటికన్నా చిన్న సైజుదే చాలు. ఫ్యాన్ తీసి చూసినా, దుమ్ము ఉన్ని మాదిరి పేరుకొని ఉన్నింది. తుడిచి వేడి లాగే పేస్టు కొత్తది పెట్టినా. ఒక సంగతి చెప్పాల. వీటిల్లో ప్రాసెసర్ కన్నా పక్కనుండే చిప్‌సెట్టే జాస్తి వేడెక్కేది. ఎన్270 తీసుకునేది రెండున్నర వాట్లే, దాని జత చిప్‌సెట్ అంతకు రెండింతలు పైన తింటాది. పేస్టు పెట్టేటప్పుడు అందరూ ప్రాసెసర్‌కు పెట్టి దాన్ని మర్చిపోతారు.

బ్యాటరీ ఉబ్బింది, తీసి పక్కన పెట్టేసినా. ఉబ్బినదాన్ని ఇంట్లో పెట్టుకోవద్దు.

డీటీపీ_తిలక్‌రోడ్డు | నవంబర్ 13, రాత్రి 10:15

ఫైళ్లు వచ్చినందుకు సంతోషం. కానీ అవి ఏ ఫాంటులో ఉన్నాయమ్మా? 2009 అంటే అనూ స్క్రిప్ట్ అయ్యుంటుందని నా అనుమానం. అట్లయితే లినక్స్‌లో తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం కనపడదు. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలిసిన గందరగోళం కనిపిస్తుంది. చూసి ఫైలు పాడైందని అనుకోవద్దు.

అనూ ఫాంట్లు యూనికోడ్ (ప్రతి అక్షరానికీ అన్ని మిషన్లలో ఒకే సంఖ్య ఉండే పద్ధతి) కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టి తయారుచేసినవి. గుడి ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. ఫాంటు ఉంటే తెలుగు, లేకుంటే గోల. నేను ఇరవై ఏళ్లుగా వాటితోనే అన్నం తింటున్నా, పెళ్లి పత్రికలు, కరపత్రాలు, పుస్తకాలు అన్నీ పేజ్‌మేకర్లో ఆ ఫాంట్లతోనే. కానీ మీ నాన్న చేస్తున్న పని మరో యాభై ఏళ్లు నిలవాలంటే యూనికోడ్‌లోకి మార్చే తీరాలి. వెతకడానికీ అకారాది పెట్టడానికీ కూడా అదే దిక్కు.

చంద్రగిరి_అమ్మాయి | నవంబర్ 13, రాత్రి 10:40

సార్, మీరు చెప్పింది అక్షరాలా నిజం. అన్నీ అనూలోనే ఉన్నాయి. ఇంకో చిక్కు, ఆయనకు వచ్చింది ఆపిల్ అనే తెలుగు కీబోర్డు లేఅవుట్ (మీటల వరస) ఒకటే. ఇన్‌స్క్రిప్ట్ అనే ఇంకో వరస నేర్చుకోమంటే ఈ వయసులో నావల్ల కాదంటున్నాడు. ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించే పద్ధతి చూపించాను. తెలుగు మాట రాయడానికి ఇంగ్లీషు స్పెల్లింగు ఎందుకు ఆలోచించాలి అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

డీటీపీ_తిలక్‌రోడ్డు | నవంబర్ 13, రాత్రి 11:05

ఆయన్ను ఏమీ నేర్చుకోమనక్కర్లేదు. లినక్స్‌లో ఎం17ఎన్ అనే కీబోర్డుల సంచి ఒకటుంది, లేఅవుట్లు మార్చే ఐబస్ అనే ప్రోగ్రామ్‌తో కలిపి వాడతారు. అందులో తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన వీటితో పాటు ఆపిల్ కూడా ఉంది. అదే వరస మీటలు, కానీ వచ్చేది యూనికోడ్. పెద్దాయన వేళ్లు ఎప్పటిలాగే పోతాయి. నేను మొదటిసారి చూసినప్పుడు నమ్మలేదు, పావుగంటలో ఒక పేజీ కొట్టి చూసుకున్నాను.

పాత ఫైళ్లు మార్చే పని వేరే కంప్యూటర్లో ఒకసారికి చేసేయండి, నెట్‌బుక్ మీద పెట్టొద్దు. అనూ నుంచి యూనికోడ్‌కు మార్చే ఉపకరణాలు నెట్‌లో దొరుకుతాయి. కానీ వాటిని కళ్లు మూసుకొని నమ్మకండి. ఒత్తులు, క్రారావడి, సున్న పక్కన వచ్చేవి అక్కడక్కడా తప్పుతాయి. మామూలు వ్యాసమైతే చదివేటప్పుడు తెలిసిపోతుంది. మాండలిక పదాల్లో ఏది తప్పో ఏది అసలు మాటో యంత్రానికీ తెలియదు, నాకూ తెలియదు. మీ నాన్న పక్కన కూర్చుని ఒక్కో పేజీ చూసుకోవాలి.

పుత్తూరు_కిరాణా | నవంబర్ 14, ఉదయం 6:50

ర్యామ్ గురించి ఎవరూ చెప్పలేదు. ఆ చిప్‌సెట్ 2 జీబీ దాకా తీసుకుంటుంది. కొన్నిట్లో సగం బోర్డుకే అతికించి ఉంటుంది, ముందు కింద మూత తీసి చూసుకోండి. ఒకే స్లాటు ఉంటే డీడీఆర్2 ల్యాప్‌టాప్ ర్యామ్ 2 జీబీది కొనాలి. నేను డీడీఆర్2 అన్న ఒక్క మాట పట్టుకొని పోయి డెస్క్‌టాప్‌ది తెచ్చాను, రెండింతల పొడుగుంది. ల్యాప్‌టాప్‌ది 200 పిన్నులు, డెస్క్‌టాప్‌ది 240. డీడీఆర్3 ల్యాప్‌టాప్‌ది 204, అది చూడ్డానికి ఒకేలాగా ఉంటుంది కానీ గాడి వేరేచోట ఉంటుంది. బలవంతంగా నొక్కితే స్లాటు విరుగుతుంది.

మా అంగడి లెక్కలు రెండేళ్లుగా ఇట్లాంటి మిషన్లోనే, జీన్యూమరిక్ అనే లెక్కల పట్టీల ప్రోగ్రామ్‌లో. దుకాణం తెరిచేసరికి ఇదీ తెరుచుకుంటుంది.

రేణిగుంట_రైలు | నవంబర్ 14, ఉదయం 7:30

నా అభిప్రాయం మారలేదు, ఇప్పటికీ 64 బిట్‌దే కొనమంటాను. కానీ పెద్దాయన ఫైళ్ల సంగతి చదివాను. వచ్చే వారం నేను పనిమీద చెన్నై పోతున్నా. రిచీ స్ట్రీట్‌లో పాత డీడీఆర్2 ఇంకా దొరుకుతుంది. 200 పిన్నులది 2 జీబీ తెస్తాను. రేణిగుంట స్టేషన్ దగ్గర తీసుకోండి.

చంద్రగిరి_అమ్మాయి | నవంబర్ 23, సాయంత్రం 6:15

ర్యామ్ అందింది అన్నా, సరిగ్గా కూర్చుంది. డబ్బు తీసుకోకుండా పోవాలని చూశారు, నాన్న ఊరుకోలేదు.

ఈరోజు పొద్దున్నుంచి ఇన్‌స్టాల్ చేశాను. తర్వాత వచ్చేవాళ్లకు పనికొస్తుందని నాకు ఎదురైనవి రాస్తున్నా. ఆంటీఎక్స్ 23 ఫుల్, 32 బిట్‌ది దించి రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్‌కు రాశాను. మామూలు పద్ధతిలో రాస్తే లేవలేదు, డీడీ పద్ధతిలో (ఫైలును ఉన్నదున్నట్టు దించేది) రాస్తే లేచింది. పెన్‌డ్రైవ్ ఎంచుకునే మెనూ మొదట రానే రాలేదు. బయోస్‌లోకి (మిషన్ మూల సెట్టింగులు) పోయి దాన్ని ఎనేబుల్ చేయాల్సి వచ్చింది. లైవ్‌లో పాస్‌వర్డు అడిగితే డెమో అని కొట్టాలి, రూట్‌కు (అన్ని అధికారాలున్న ఖాతా) అడిగితే రూట్. ఎస్‌ఎస్‌డీ మీదికి ఎక్కడానికి అరగంట పట్టింది.

ఎక్కాక ఆన్ చేసి చూస్తే నిమిషం లోపల తెర వచ్చింది. నాన్న గోడ గడియారం వైపు చూశాడు, మళ్లీ ఆఫ్ చేసి ఆన్ చేయమన్నాడు. మూడుసార్లు చేయించాడు.

ఒక చిక్కు. మా ఇంటి వైఫై పేరు జాబితాలో లేదు. పక్కింటి వాళ్లది కనపడుతోంది, మాది కనపడదు. ఐబస్ దించుకోవాలంటే నెట్ కావాలి కదా.

పాత_ఉబుంటు | నవంబర్ 23, సాయంత్రం 6:40

మీ రూటర్ 5 గిగాహెర్ట్జ్ మీద మాత్రమే పేరు చూపిస్తూ ఉంటుంది. ఆ కాలపు నెట్‌బుక్కుల్లో చాలావాటి వైఫైకి 2.4 మాత్రమే తెలుసు. రూటర్ సెట్టింగ్స్‌లో 2.4 తెరవండి. దాని భద్రత డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉంటే డబ్ల్యూపీఏ2 కూడా ఒప్పుకునేట్టు మార్చండి.

ఇప్పటికిప్పుడు పని కావాలంటే ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి టెథరింగ్ ఆన్ చేయండి. తీగ మీద వచ్చిన నెట్‌లాగా పట్టుకుంటుంది, వైఫైతో పనే లేదు.

చంద్రగిరి_అమ్మాయి | నవంబర్ 24, రాత్రి 9:05

రూటర్లో 2.4 తెరిచాను, వచ్చింది. కానీ ఇవాళ సాయంత్రం ఆన్ చేస్తే ఏ సైటూ తెరుచుకోవడం లేదు. భద్రత లేదు, సర్టిఫికెట్ చెల్లదు అంటోంది. ప్యాకేజీలు కూడా దిగడం లేదు. నిన్న రాత్రి బాగానే ఉండింది. నేనేం మార్చలేదు.

కోర్లగుంట_రిపేరు | నవంబర్ 24, రాత్రి 9:12

కింద మూల తేదీ ఎంత ఉండాది చూడు.

చంద్రగిరి_అమ్మాయి | నవంబర్ 24, రాత్రి 9:15

2009 జనవరి 1!

కోర్లగుంట_రిపేరు | నవంబర్ 24, రాత్రి 9:24

అదే. బోర్డు మీద గడియారాన్ని నడిపే బిళ్ల అయిపోయింది. బ్యాటరీ కూడా తీసేసినాం కదా, అడాప్టర్ పీకగానే మిషన్ కాలం మర్చిపోతాది. సైట్ల సర్టిఫికెట్లు 2025వి, మిషన్ తాను 2009లో ఉండాననుకుంటాది, ఇంకా పుట్టని సర్టిఫికెట్‌ను ఎట్ల నమ్ముతాది? ఇప్పటికి తేదీ చేత్తో సరిచెయ్యి, అన్నీ తెరుచుకుంటాయి. నెట్ తగిలినప్పుడు తేదీ తానే దిద్దుకునే క్రోనీ ప్యాకేజీ కూడా వేసుకో. బిళ్ల మాత్రం మార్చాల. సీఆర్2032దే, కానీ కొన్ని నెట్‌బుక్కుల్లో ఊరకే బిళ్ల పెడితే సరిపోదు, దానికి రెండు తీగలు అంటించి ప్లాస్టిక్ తొడుగు వేసి ఉంటాది. ఆ తీగలున్నది అడిగి కొను. దొరక్కపోతే నా కాడ ఉండాది.

పాత_ఉబుంటు | నవంబర్ 24, రాత్రి 9:50

ఇది నాకు తట్టలేదు, మంచి సంగతి. ఇంకో రెండు పనులు చెప్తా. జీర్యామ్ వేసుకోండి. ర్యామ్ నిండేటప్పుడు కొంత భాగాన్ని కుదించి ర్యామ్‌లోనే పెట్టుకుంటుంది, ర్యామ్‌లో పట్టనిదాన్ని ఎస్‌ఎస్‌డీ మీద స్వాప్‌గా రాసుకునే పని తగ్గుతుంది. 2 జీబీ మిషన్‌కు అది పెద్ద తేడా. బ్యాటరీ లేదు కాబట్టి కరెంటు పోయిందంటే మిషన్ ఆగిపోతుంది. వానలప్పుడు మన దగ్గర సంగతి తెలుసు కదా. రాసేది ఫోకస్‌రైటర్ అనే రాత ప్రోగ్రామ్‌లో పెట్టండి. తెర మొత్తం కాగితమే ఉంటుంది, మెనూలు దాక్కుంటాయి, తానే సేవ్ చేసుకుంటుంది. సెట్టింగుల్లో అది ఆన్ అయ్యుందో లేదో ఒకసారి చూడండి.

డీటీపీ_తిలక్‌రోడ్డు | నవంబర్ 24, రాత్రి 10:20

ఐబస్ ఎక్కించాక ఒకటి మర్చిపోతారు అందరూ. ఐస్‌డబ్ల్యూఎం లాంటి చిన్న తెరల్లో అది దానంతటది మొదలు కాదు. ఇమ్‌కాన్ఫిగ్ అనే పనిముట్టులో ఐబస్‌ను ఎంచుకోవాలి. తర్వాత ఆంటీఎక్స్ కంట్రోల్ సెంటర్లో స్టార్టప్ ఫైలు తెరిచి ఐబస్ డీమన్ (వెనకాల నడిచే భాగం) లేచే వరుస ఒకటి చేర్చాలి. లాగౌట్ అయి మళ్లీ రండి.

ఫాంట్ సంగతి. తెర నిలువు 600 చుక్కలే. ఇంగ్లీషుకు అది చాలు. తెలుగుకు పైన గుడి, కింద ఒత్తు, ఒత్తు కింద ఇంకో కొమ్ము, ప్రతి వరుసా ఎత్తు అడుగుతుంది. అందుకే మెనూలు దాచడం మనకు అందం కోసం కాదు, రెండు వరుసలు ఎక్కువ కనపడతాయని. మండలి ఫాంటు పెట్టి చూడండి, రాత తీరుగా ఉంటుంది. పెద్ద వయసు కళ్లకు నోటో సాన్స్ తెలుగు ఇంకా తేట. ఆజ్ఞలు కొట్టే టెర్మినల్లో తెలుగు చూసి భయపడొద్దు. అక్కడ అక్షరాలు విడిపోయి కనపడతాయి, ఫైలు బాగానే ఉంటుంది.

జిరాక్స్ అంగట్లో ప్రింటు తీయించేటప్పుడు ఫైలు అట్లాగే ఇవ్వకండి. వాళ్ల కంప్యూటర్లో ఆ ఫాంటు ఉండదు, వరుసలన్నీ జరిగిపోతాయి. పీడీఎఫ్ చేసి ఇవ్వండి.

చంద్రగిరి_అమ్మాయి | నవంబర్ 30, రాత్రి 8:10

ఈ వారం రాయడానికి తీరిక లేదు, కారణం నాన్నే. మిషన్ దగ్గర్నుంచి లేవడం లేదు. ఆపిల్ లేఅవుట్ పెట్టి కుర్చీ జరిపి ఇచ్చాను. మొదట చూపుడు వేలితో ఒక మీట నొక్కాడు, తెర చూశాడు. తర్వాత పది వేళ్లూ పెట్టాడు. "పిలకాయలు: పిల్లలు. పాకాల. బడి ముందర కొబ్బరి మిఠాయి అమ్మే అవ్వ అన్నది." అద్దాలు తీసి తుడుచుకొని మళ్లీ చదువుకున్నాడు.

కట్టమంచి మేడమ్, మీరన్నట్టు ఒకే పని పెట్టాం. వైఫై ఆపేశాం. తెర మీద రెండే గుర్తులు, ఒకటి ఫోకస్‌రైటర్, ఒకటి జీన్యూమరిక్.

పాత ఫైళ్లు మార్చి పేజీ పేజీ చూస్తున్నాం. సార్ చెప్పినట్టే ఒత్తులు తప్పాయి. రోజూ రాత్రి భోజనాలయ్యాక ఆయన నోటు పుస్తకం చదువుతాడు, నేను తెర చూస్తాను. ఇన్నేళ్లలో ఆయన ఏం రాస్తున్నాడో నేను కూర్చుని చదివింది ఇదే మొదటిసారి.

ఇప్పుడాయన ఒకటి అడిగాడు, నాకు తెలియలేదు. చాప అనే మాటలో చ వేరు, చందమామలో చ వేరు కదా. పాత ప్రింట్లలో ఆయన చాపలో లాంటి దంత్యం వచ్చిన ప్రతిచోటా చ మీద, జ మీద పెన్నుతో చిన్న గుర్తు పెట్టుకునేవాడు. అనూలో అది కొట్టే దారి తనకు దొరకలేదంటాడు. మిషన్‌కు ఆ తేడా తెలుసా అని అడుగుతున్నాడు.

డీటీపీ_తిలక్‌రోడ్డు | నవంబర్ 30, రాత్రి 9:00

తెలుసమ్మా! ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఇంకా ఉన్నందుకు మీ నాన్నకు నా నమస్కారం చెప్పు. ౘ, ౙ. ఈ రెండూ 2008లోనే యూనికోడ్‌లోకి వచ్చాయి, 5.1 సంచికలో. నోటో ఫాంటులో ఉన్నాయి. ముందు క్యారెక్టర్ మ్యాప్‌లోంచి తెచ్చి అతికించి చూడండి, పెట్టె గుర్తు కాకుండా అక్షరం కనపడితే చాలు. ఆ లేఅవుట్‌లో వీటికి మీటలు ఉండకపోవచ్చు, అది పాతది.

పాత_ఉబుంటు | నవంబర్ 30, రాత్రి 9:35

మీట లేకుంటే మనమే పెట్టుకోవచ్చు. ఎం17ఎన్ లేఅవుట్లన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లే. ఆపిల్ లేఅవుట్ ఫైలును కాపీ చేసి, మీ హోమ్ ఫోల్డర్లో చుక్కతో మొదలయ్యే ఎం17ఎన్.డీ అనే ఫోల్డర్ చేసి అందులో పెట్టండి. తెరిస్తే ఒక్కో వరుసలో మీట, దాని పక్కన అక్షరం కనపడతాయి. ఆయన వాడని మీటలు రెండు అడిగి, అదే తీరులో రెండు వరుసలు చేర్చండి. ఐబస్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టండి. అసలు ఫైలు ముట్టుకోలేదు కాబట్టి తప్పు జరిగినా కాపీని తీసేస్తే సరి.

డీటీపీ_తిలక్‌రోడ్డు | నవంబర్ 30, రాత్రి 9:58

ఒక జాగ్రత్త. జీన్యూమరిక్‌లో అకారాది పెట్టేటప్పుడు ౘాప ఎక్కడికో జరిగిపోవచ్చు, ఎందుకంటే ఆ అక్షరాల సంకేత సంఖ్యలు అన్ని హల్లుల తర్వాత ఉన్నాయి. పక్కన ఇంకో గడి పెట్టి అందులో మామూలు చ, జ లతో అదే మాట రాయించండి. వరస దాని మీద పెట్టి, ముద్రణలో ఆ గడి దాచేయండి.

చంద్రగిరి_అమ్మాయి | డిసెంబర్ 3, రాత్రి 9:25

పెట్టాం. రెండు వరుసలు చేర్చడానికి గంట పట్టింది, ఒక బ్రాకెట్ మర్చిపోయి లేఅవుట్ మొత్తం మాయమైంది, మళ్లీ దిద్దాను. నాన్న కొట్టినవి ఆయన వరసలోనే పెడుతున్నా.

ౘాప. ౘాలు. ౘుక్క. ౙొన్న. ౙాము.

ఇప్పుడు 'మ' ఫైలు మొదలుపెట్టాడు, ప్రింటు పక్కన పెట్టుకొని. కోర్లగుంట అన్నా, తీగలున్న బిళ్లకు రేపు పొద్దున వస్తాం. మీ నాయనమ్మ అనే మాటలు ఇంకేమన్నా గుర్తున్నాయా అని అడగమన్నాడు, నోటు పుస్తకం తెస్తానన్నాడు.

కోర్లగుంట_రిపేరు | డిసెంబర్ 3, రాత్రి 9:41

పది గంటలకు రండి. మా అమ్మను కూడా అంగటికి పిలుస్తా, ఆమెకు నాకన్నా జాస్తి తెలుసు.